పాత లోగిళ్లు, కొత్త అతిథులు: పుదుచ్చేరిలో చారిత్రక వసతిగృహాల నిర్వహణ

వృత్తి ఏదైనా, ఆ వృత్తిలోనివారు ఏడాదికొకసారి ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకొనడం మన దేశంలో కొత్త కాదు. వైద్యులకు, ఉపాధ్యాయులకు, చేనేత సంఘాలకు వార్షిక సమావేశాలు ఉన్నట్లే, పాత కోటలలోను, దివాణాలలోను, పెద్ద లోగిళ్లలోను వసతిగృహాలు నడిపేవారికి కూడా అటువంటి సమావేశాలు ఉన్నాయి. 1990 ప్రాంతంలో రాజస్థాన్‌లో ఆరంభమైన వారసత్వ హోటళ్ల సంఘం తరువాత దేశవ్యాప్తమై, అఖిల భారత స్థాయిలో వార్షిక సదస్సులు జరుపుతున్నది. అమెరికాలో 1989లో అక్కడి జాతీయ చారిత్రక పరిరక్షణ సంస్థ 32 హోటళ్లతో ఇటువంటి కూటమినే నెలకొల్పింది.

ఈ సమావేశాలకు వచ్చే నిర్వాహకుని సమస్యలు మామూలు హోటలు మేనేజరు సమస్యలకు భిన్నమైనవి. కొత్త హోటలులో గోడ పాడైతే పడగొట్టి మరొకటి కట్టవచ్చు. రెండు వందల ఏళ్లనాటి ఇంటిలో గోడే ఆస్తి. అది పోతే అతిథి వచ్చే కారణమే పోతుంది. అందువల్ల ఈ నిర్వాహకుడు ఒకే సమయంలో వ్యాపారి, ఇంటి కాపలాదారు, కొంతవరకు చరిత్రకారుడు కూడా కావలసి ఉంటుంది. ఈ మూడు బాధ్యతలు ఎలా కలుస్తాయో, ఎక్కడ ఘర్షణ పడతాయో తెలుసుకొనడానికి పుదుచ్చేరి పట్టణం చక్కని ఉదాహరణ.

వారసత్వ హోటలు అంటే ఏమిటి?

పాత కట్టడాలను బాటసారుల వసతికి వినియోగించాలన్న ఆలోచనను ప్రభుత్వ విధానంగా మొదట చేపట్టిన దేశాలలో స్పెయిన్ ముఖ్యమైనది. అక్కడ ‘పరడోర్’ అనే ప్రభుత్వ వసతిగృహాలలో మొదటిది 1928లో ప్రారంభమైంది. తరువాతి కాలంలో పాత కోటలు, మఠాలు అనేకం ఈ వరుసలో చేరాయి. పోర్చుగల్ 1942 నుండి ఇదే బాట పట్టింది.

మన దేశంలో జయపురంలోని రామ్‌బాగ్ భవనం 1957లోను, ఉదయపురం సరస్సులోని జగనివాస భవనం 1963లోను హోటళ్లుగా మారాయి. 1971లో రాజభరణాలు రద్దయిన తరువాత అనేక సంస్థానాధిపతుల కుటుంబాలకు భవనాల పోషణ భారమైంది. కొన్ని శిథిలమయ్యాయి, కొన్ని విక్రయమయ్యాయి, మరికొన్ని అతిథులకు తలుపులు తెరిచాయి. తెలుగునాట హైదరాబాదులోని ఫలక్‌నుమా ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1884లో నిర్మాణం ఆరంభమై, తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ స్వాధీనానికి వచ్చిన ఈ భవనం, దీర్ఘకాలం మూతపడి ఉండి, సుమారు పదేళ్ల మరమ్మతుల అనంతరం 2010లో హోటలుగా ప్రారంభమైంది.

కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ వారసత్వ హోటళ్లను ప్రత్యేక తరగతిగా గుర్తించి నిబంధనలు ఏర్పరచింది. భవనం 1950కి పూర్వం కట్టినదై ఉండాలి. కోట, దివాణం, హవేలీ, వేటవిడిది, నివాసగృహం ఏదైనా కావచ్చు. దాని ముఖభాగం, నిర్మాణ లక్షణాలు సంప్రదాయ జీవన విధానాన్ని ప్రతిబింబించాలి. కొత్తగా చేర్చే భాగాలు పాత శైలితో పొంది ఉండాలి. కొత్త నిర్మాణం మొత్తం విస్తీర్ణంలో సగానికి మించరాదు. ఈ చివరి నిబంధనలో గొప్ప వివేకం ఉన్నది. పాత ఇల్లు పేరుకు మాత్రమే ముందు నిలబడి, వెనుక ఆరంతస్తుల కట్టడం లేచే ప్రమాదాన్ని అది నివారిస్తుంది.

రెండు రకాల ఇళ్లు, ఒక పట్టణం

పుదుచ్చేరికి రాజస్థాన్ వలె మహారాజులు లేరు, కోటలు లేవు. ఇక్కడి వారసత్వం వీధులలో, సామాన్య గృహస్థులు, వర్తకులు, ఉద్యోగులు కట్టుకొన్న ఇళ్లలో ఉన్నది.

1674లో ఫ్రాంస్వా మార్తాన్ నాయకత్వాన ఫ్రెంచివారు ఇక్కడ స్థిరపడ్డారు. 1693 నుండి 1699 వరకు పట్టణం డచ్చివారి చేతిలో ఉన్నది. చదరంగపు గడుల వంటి నేటి వీధుల అమరికకు మూలం ఆనాటి డచ్చి పథకమేనని చెబుతారు. 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని పట్టుకొని కోటను, ప్రధాన భవనాలను నేలమట్టం చేశారు. 1765లో తిరిగి ఫ్రెంచివారి వశమైన పిమ్మట పట్టణం పాత పునాదులపైనే మళ్లీ లేచింది. అందువల్ల ఇప్పుడు కనిపించే పాత ఇళ్లలో అత్యధికం ఆ తరువాతివే.

ఉత్తర దక్షిణాలుగా సాగే పెద్ద కాలువ పట్టణాన్ని రెండుగా విభజిస్తుంది. తూర్పున సముద్రం వైపు ఫ్రెంచివారి పేట. పడమర తమిళుల పేట. ఫ్రెంచి ఇల్లు వీధికి ఎత్తయిన ప్రహరీగోడను, కమాను ద్వారాన్ని చూపుతుంది. లోపల తోట, స్తంభాల వసారా, ఎత్తైన గదులు, పలకల రెక్కలున్న పొడవాటి కిటికీలు ఉంటాయి. తమిళుల ఇల్లు ఇందుకు భిన్నంగా వీధికి ఎదురేగి ఆహ్వానిస్తుంది. వీధి వెంట కొయ్యస్తంభాలపై నిలిచిన పెంకుల పంచ ‘తాళ్వారం’. దాని వెనుక ‘తిణ్ణై’, అంటే మన అరుగు. దారిన పోయేవారు ఎండకో వానకో అక్కడ ఆగవచ్చు. లోపల ఆకాశానికి తెరచిన నడిమి ముంగిలి, దాని చుట్టూ గదులు. కోనసీమ మండువా లోగిలి చూచినవారికి ఈ ఇల్లు కొత్తగా తోచదు. కాలక్రమంలో రెండు పద్ధతులూ కలిసి, కింది అంతస్తు తమిళ రీతిలోను, పై అంతస్తు ఫ్రెంచి రీతిలోను ఉన్న మేడలు కూడా వెలశాయి.

ఈ కలయికకు మంచి ప్రతినిధి ఆనందరంగ పిళ్లె. డూప్లేకు దుబాసీగా ఉండి, 1736 నుండి 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాసిన ఆ ప్రముఖునికే కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణగ్రంథాన్ని అంకితమిచ్చాడు. ఫ్రెంచి కొలువు, తమిళ దినచర్య, తెలుగు ఛందోగ్రంథం ఒకే వ్యక్తి చుట్టూ చేరగలిగిన పట్టణం ఇది. ఆయన భవనం నేటికీ తమిళుల పేటలో నిలిచి ఉన్నది.

ఇళ్లు ఎందుకు పడిపోతున్నాయి?

భారతీయ కళా సాంస్కృతిక వారసత్వ జాతీయ సంస్థ, అనగా ‘ఇన్‌టాక్’, 1984లో ఏర్పడింది. దాని పుదుచ్చేరి శాఖ 1990ల దశకంలో జాబితా తయారుచేసినప్పుడు సుమారు 1800 కట్టడాలు పరిరక్షణకు అర్హమైనవిగా తేలాయి. తరువాతి రెండు దశాబ్దాలలో వాటిలో వందలాది ఇళ్లు కనుమరుగయ్యాయి. నష్టం ఎక్కువగా తమిళుల పేటలోనే జరిగింది.

ఇందుకు కారణాలు సులభంగానే బోధపడతాయి. తండ్రి ఇంటికి నలుగురు, అయిదుగురు వారసులు ఉంటారు. ఒకరు చెన్నైలో, ఒకరు ఫ్రాన్సులో, ఒకరు ఇక్కడ. పంపకానికి ఇల్లు లొంగదు, స్థలం లొంగుతుంది. పెంకు మార్చడానికి, దూలం మార్చడానికి ప్రతి సంవత్సరం ఖర్చు తప్పదు, ఆదాయం లేదు. ఆ స్థలంలోనే నాలుగంతస్తులు కడితే అద్దెలు వస్తాయి. ఇటువంటి స్థితిలో ఇంటిని నిలుపుకొనమని యజమానికి నీతులు చెప్పడం వల్ల ప్రయోజనం స్వల్పం. నిలుపుకొంటే జీవనం గడుస్తుందని చూపగలిగినప్పుడే ఇల్లు నిలుస్తుంది.

ఈ సూత్రం ఆధారంగానే ఇక్కడి పరిరక్షణ యత్నాలు సాగాయి. 2002 – 2004 మధ్య ఐరోపా సమాజపు ‘ఆసియా అర్బ్స్’ కార్యక్రమం కింద ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్‌నవ్ సుర్ లో పట్టణాల సహకారంతో తమిళుల పేటలోని వైశ్యాల్ వీధి ఇళ్ల ముఖభాగాలను పునరుద్ధరించారు. ఈ కృషికి 2008లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో గుర్తింపు లభించింది. ఫ్రెంచివారి పేటలో ఒకప్పుడు విద్యాశాఖ కార్యాలయంగా ఉన్న పాత భవనం ‘ఒతెల్ ద లొరియాం’ పేరుతో వసతిగృహమైంది. తమిళుల పేటలోని పెరుమాళ్ కోవెల వీధిలో ఒక చెట్టియారు లోగిలి ‘మెజోన్ పెరుమాళ్’ అయింది. ఈ విజయాలను చూచి మరికొందరు యజమానులు కూల్చివేత ఆలోచన మానుకొన్నారు.

ఆలస్యం ఎంత ప్రమాదకరమో పురపాలక భవనం ‘మేరీ’ చాటిచెప్పింది. 1870 ప్రాంతంలో సముద్రతీరాన కట్టిన ఆ భవనం, మరమ్మతులు జరగవలసి ఉండగానే, 2014 నవంబరులో భారీ వర్షాలకు కుప్పకూలింది. దానిని పూర్వపు రూపంలో తిరిగి నిర్మించి 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రూపం తిరిగి వచ్చింది. పాత ఇటుక, పాత దూలం మాత్రం తిరిగి రాలేదు.

నిర్వాహకుడు నేర్వవలసిన పాఠాలు

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. నేలలోని తేమతో కూడా ఉప్పు గోడలోకి ఎక్కుతుంది. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలిని పీల్చి నెమ్మదిగా గట్టిపడుతుంది. తేమను బయటికి వెళ్లనిస్తుంది. త్వరగా పని ముగించాలని దానిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకొంటుంది. ఉప్పు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకొని ఇటుకను పొడిచేస్తుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోలోపల గుల్లబారుతుంది. కనుక బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి సున్నం నూరే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీ ఇక్కడ ఎంతో విలువైన మనిషి. అటువంటి మేస్త్రీలు తగ్గిపోవడమే నిర్వాహకులను కలవరపెడుతున్న విషయం.

రెండవది మిద్దె. మద్రాసు టెర్రస్ అనే ఈ పైకప్పులో టేకు దూలాలపై పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేరుస్తారు. పైన ఇటుకముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పోసి దిమ్మిసతో కొడతారు. దూలం చివర గోడలో దాగి ఉంటుంది. అక్కడ నీరు దిగితే పుచ్చు పట్టినా బయటికి తెలియదు. హోటలుకు ప్రతి గదికి స్నానాలగది కావాలి. పై అంతస్తులో స్నానాలగది ఎక్కడ పెట్టాలి, గొట్టాలు ఎటు దింపాలి అన్న నిర్ణయం మీదనే ఇంటి ఆయుస్సు ఆధారపడుతుంది. గొట్టాలను గోడలో పూడ్చకుండా కనిపించేటట్లు ఉంచితే అందం కొంత తగ్గినా, కారుతున్నదని వెంటనే తెలుస్తుంది.

మూడవది భద్రత. కొయ్య మెట్లు, కొయ్య దూలాలు ఉన్న ఇంటిలో నిప్పు భయం ఎక్కువ. ఒకే ఇరుకు మెట్లదారి ఉంటే మరీ ఎక్కువ. పాతదనం పేరుతో నిప్పు నివారణను వాయిదా వేసే అధికారం ఎవరికీ లేదు. విద్యుత్తు తీగలు మార్చడం, ఆపద దారి ఏర్పరచడం గోడకు రంగు వేయడం కంటె ముందు జరగవలసిన పనులు.

నాలుగవది లెక్క. పది, పదిహేను గదుల ఇంటికి వంద గదుల హోటలుకున్న ఆదాయం రాదు. మరమ్మతు ఖర్చు మాత్రం గదులనుబట్టి తగ్గదు. సందర్శకులు వారాంతంలో చెన్నై, బెంగుళూరుల నుండి వస్తారు. మిగిలిన రోజులు ఖాళీ. కనుకనే పన్నులు, అనుమతులు, రుణాలు వార్షిక సమావేశాల చర్చలలో తరచు తలెత్తుతాయి.

హద్దు ఎక్కడ?

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ప్రతి పాత ఇల్లూ హోటలు కావాలని భావించరాదు. వీధిలో అన్ని ఇళ్లూ వసతిగృహాలు, భోజనశాలలు అయితే పాలు కొనేవారు, బడికి పోయే పిల్లలు, అరుగు మీద కూర్చునే వృద్ధులు అక్కడ మిగలరు. స్థలాల ధరలు పెరిగి, తరతరాలుగా ఉన్నవారే ఖాళీ చేయవలసి వస్తుంది. అప్పుడు అతిథి చూచేది పట్టణం కాదు, దాని బొమ్మ మాత్రమే. అంతేకాక, లోపలి గోడలన్నీ తీసివేసి ముఖభాగాన్ని మాత్రం మిగిల్చే ధోరణి కూడా పరిరక్షణ అనిపించుకొనదు.

కాబట్టి పాత ఇళ్లలో కొన్ని వసతిగృహాలుగాను, కొన్ని పాఠశాలలు, గ్రంథాలయాలుగాను, అత్యధికం నివాసాలుగాను కొనసాగాలి. ఫ్రెంచివారి పేటకు లభించే శ్రద్ధ తమిళుల పేటకూ లభించాలి. చుట్టుపక్కలవారికి ఉద్యోగాలు, వారి చేతిపనులకు గిరాకీ, వారి వంటకు గౌరవం దక్కినప్పుడే హోటలు వీధికి బరువు కాకుండా ఆసరా అవుతుంది.

అందరి ఆస్తి

1954 అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. గోదావరి తీరాన ఉన్న తెలుగువారి యానాం, తమిళుల కారైకాల్, మలయాళీల మాహే పుదుచ్చేరితోపాటు ఒకే పాలన కిందికి వచ్చాయి. పరాయి పాలన పోయింది. దాని కాలంలో మన మేస్త్రీలు, వడ్రంగులు, కూలీలు చెమటోడ్చి కట్టిన ఇళ్లు మనకు మిగిలాయి. వాటిని పరాయివారి గురుతులని తోసివేయడం ఆ శ్రమను మరచిపోవడమే అవుతుంది.

పుదుచ్చేరి అనుభవం తెలుగు జిల్లాలకూ వర్తిస్తుంది. మండువా లోగిళ్లు, జమీందారీ దివాణాలు, గడీలు అనేకం ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొంటున్నాయి. ఒక ఊరిలో 1950కి పూర్వపు ఇళ్లు ఎన్ని ఉన్నాయి, ఏవి ఏ సామగ్రితో కట్టినవి, వాటిని బాగుచేయగల పనివారు ఎవరు మిగిలారు అని జాబితా వ్రాయడం పాఠశాల, కళాశాల విద్యార్థులు కూడా చేయగల పని. పుదుచ్చేరిలో కూడా పరిరక్షణకు తొలి ఆధారం అటువంటి జాబితాయే.