ఉప్పుడు బియ్యపు మిల్లుల్లో చిన్న ఆవిరి టర్బైన్లు

ఉప్పుడు బియ్యపు మిల్లుకు ధాన్యాన్ని నానబెట్టడానికి, ఆవిరి పట్టడానికి, డ్రయ్యర్లలో ఆరబెట్టడానికి ఉష్ణం అవసరం. యంత్రాలను తిప్పడానికి విద్యుత్తు అవసరం. ఉష్ణం మిల్లులోని ఊక నుంచే లభిస్తుంది. ధాన్యపు బరువులో సుమారు 20 శాతం ఊకే. కిలో ఊక 3,000 కిలోకేలరీలకు తగ్గకుండా ఉష్ణమిస్తుంది. విద్యుత్తును మాత్రం మిల్లులు సాధారణంగా గ్రిడ్ నుంచి కొనుగోలు చేస్తాయి.

బాయిలర్ 10 బార్ పీడనంతో ఆవిరిని పంపుతుందనుకుందాం. ధాన్యానికి 3 బార్ చాలు. మధ్యనున్న పీడన తగ్గింపు వాల్వు ఉష్ణాన్ని యథాతథంగా పోనిస్తుంది గాని, ఆవిరికి గల పని చేసే శక్తిని వృథా చేస్తుంది. ఆ స్థానంలో బ్యాక్ ప్రెషర్ టర్బైను నిలిపితే ఆ పీడన భేదమే షాఫ్టును తిప్పుతుంది. వెలువడిన ఆవిరి యథాప్రకారం ధాన్యానికి చేరుతుంది.

గంటకు 1 టన్ను సంతృప్త ఆవిరి ఈ విధంగా వ్యాకోచిస్తే సిద్ధాంతరీత్యా సుమారు 60 కిలోవాట్లు లభించాలి. ఒకే దశ గల టర్బైను సామర్థ్యం 45 శాతమైతే దక్కేది 27 కిలోవాట్లు. బహుళ దశల టర్బైను 65 శాతం సాధిస్తే 39. షాఫ్టుకు చేరిన ప్రతి యూనిట్‌కు ఆవిరి 860 కిలోకేలరీలు కోల్పోతుంది. బాయిలర్ సామర్థ్యం 70 శాతమే అనుకున్నా ఆ లోటు తీరడానికి అరకిలోలోపు ఊక సరిపోతుంది. ఇంత చవకగా విద్యుత్తు లభించే చోట టర్బైను కొనుగోలు ధరను మాత్రమే చూసి తక్కువ సామర్థ్యపు యంత్రాన్ని ఎంచుకోవడం దూరదృష్టి అనిపించుకోదు.

అయితే సంతృప్త ఆవిరి వ్యాకోచంలో కొంత తడిసి బ్లేడ్లను కోతకు గురిచేస్తుంది. అందుచేత సూపర్ హీటర్ వాంఛనీయం. బోరునీటిని శుద్ధి చేయకుండా వాడితే లవణాలు ఆవిరి వెంట వచ్చి బ్లేడ్లపై పేరుకుంటాయి.

అసలు చిక్కు వేరే ఉన్నది. టర్బైను పరిమాణాన్ని మోటార్ల భారం కాక, ఆవిరి వినియోగం నిర్ణయించాలి. తెలంగాణలో యాసంగి ధాన్యం మరపట్టినప్పుడు నూక అధికం కావడం వల్ల ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021లో ఉప్పుడు బియ్యం సేకరణపై కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య వివాదం తలెత్తింది. మిల్లు పచ్చిబియ్యానికి మారితే ఆవిరి అవసరం పడిపోతుంది, టర్బైనూ నిలిచిపోతుంది. కనుక విస్తరణ శాస్త్రవేత్త మిల్లు యజమానికి యంత్రాన్ని సిఫారసు చేయడానికి ముందు ఆవిరి మీటరు అమర్పించి, కనీసం ఒక యాసంగి కాలమంతా గంటలవారీ వినియోగాన్ని నమోదు చేయించడం అవసరం.