కొలెస్ట్రాల్ మాత్రయు, ఆయాసమును

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆయాసమును 'దమ్ము' అందురు. ఉర్దూ మాట్లాడు మిత్రులు ఉబ్బసమును 'దమా' అందురు. రెండును ఊపిరి అను అర్థముగల పారసీక పదమునుండి వచ్చినవే. గుండె మేలుకొరకు కొలెస్ట్రాల్ మాత్ర వాడుచున్న పెద్దలు, ఈ దమ్ము పట్టగానే మాత్రయే కారణమని తలచి, ఎవరినీ అడుగక మానివేయుట మేము పలుమారు చూచితిమి. ఈ అనుమానములో నిజమెంతో విచారింతము.

ఈ మాత్రలను స్టాటిన్లు అందురు. జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో 1973లో ఒక బూజునుండి తొలి స్టాటిన్‌ను కనుగొనెను. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో అనుమతి పొందెను. నేడు మన మందుల దుకాణములలో హెచ్చుగా కానవచ్చునవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. కాలేయములో కొలెస్ట్రాల్ తయారగుటకు కావలసిన ఒక ఎంజైమును ఇవి అడ్డుకొనును. అంతట కాలేయము రక్తములోని చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా గ్రహించును. గుండెపోటు వచ్చినవారు దీనిని తమంతట ఆపినచో మరల గుండెపోటు వచ్చు అపాయము పెరుగును.

ఇక ఊపిరితిత్తుల మాట. హాని కలుగవచ్చును, కాని మిక్కిలి అరుదు. గాలితిత్తుల నడుమనున్న పలుచని కణజాలము వాచి గట్టిపడుట స్టాటిన్లు వాడిన కొందరిలో నమోదైనది. ఐరోపాలో మందుతోపాటు ఇచ్చు సూచనాపత్రములలో ఈ హెచ్చరికను చేర్చిరి. తగ్గని పొడిదగ్గు, నడచినప్పుడు ఆయాసము, నీరసము, బరువు తగ్గుట, జ్వరము దాని లక్షణములు.

అయితే ముందుగా వెదకవలసిన కారణములు వేరే గలవు. రక్తపోటుకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలు పొడిదగ్గు తెచ్చుట సాధారణము. అవి కొలెస్ట్రాల్ మాత్రతోపాటు ఒకే డబ్బాలో నుండును. తప్పు ఒకదానిది, నింద మరొకదానికి! రెండు వారములు దాటిన దగ్గునకు క్షయ ఉన్నదేమో తెమడ పరీక్ష చేయింపవలెను. కాళ్ళవాపు, వెల్లకిల పడుకొనలేకపోవుట ఉన్నచో గుండెయే బలహీనపడి యుండవచ్చును. బీడీ, కట్టెలపొయ్యి పొగ సరేసరి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ ప్రాంతమున పలుగురాతిని పిండిచేయు మరలలో పనిచేసిన కూలీలకు ఆ ధూళివలననే ఊపిరితిత్తులు గట్టిపడినవి. కనుకనే వైద్యుడు రోగి చేసిన పనినికూడ అడుగును.

వైద్యుని యొద్దకు వాడుచున్న మాత్రల పట్టీలన్నియు తీసికొనిపోవలెను. మాత్ర ఎప్పుడు మొదలైనదో, దగ్గు ఎప్పుడు మొదలైనదో చెప్పవలెను. ఆయాసము హఠాత్తుగా వచ్చినను, ఛాతీనొప్పి తోడైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎక్స్‌రేలో, సి.టి. స్కాన్‌లో కణజాలపు వాపు కానవచ్చి, వేరు కారణము దొరకనిచో, వైద్యుడే స్టాటిన్‌ను ఆపించి, ఎజెటిమైబ్ వంటి మరొక మందును వ్రాయును.