ఊపిరిలో పొగ.. నెత్తుట్లో ఆనవాళ్లు

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు (టిక్కీలు) మోసే హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకునే పనిలోకి దిగుతారు. తొడిమలు తీసే ఆడకూలీలకు చీర కొంగే మాస్కు. ఆ ఘాటుకు మూలం క్యాప్సైసిన్. అది సోకితే నరాల చివర్లు నిప్పు తగిలినట్టే స్పందిస్తాయి. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. ఘాటు దగ్గు ఉక్కిరిబిక్కిరి చేస్తుంది కానీ, గాలి మారితే చాలావరకు సర్దుకుంటుంది.

సర్దుకోనిది వేరే ఉంది.

జిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము, ప్రకాశం పొగాకు బ్యారన్లలో కట్టెల పొగ, ఇంట్లో కట్టెల పొయ్యి, నోట్లో చుట్టో బీడీయో. ఏళ్లకేళ్లు ఇవి పీలిస్తే శ్వాసనాళాలు ఇరుకై ఇక పూర్తిగా తెరుచుకోవు. వైద్యులు సీఓపీడీ అనే ఈ జబ్బు 2016 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి ఉంది.

సిగరెట్ ఒక్క దమ్ములో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే ఆక్సిడెంట్లు కోటి కోట్లకు పది రెట్లు. పత్తి దుమ్ములోని బ్యాక్టీరియా విషాలు తెల్ల రక్తకణాలను ఊపిరితిత్తుల్లోకి రప్పిస్తాయి. ఆ కణాలూ ఆక్సిడెంట్లనే చిమ్ముతాయి. వాటిని అణచడానికి శరీరం దాచుకున్న గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం చాలకపోతే కణాల పొరల్లోని కొవ్వు పాడవుతుంది. నిల్వ నూనె చెడు వాసన కొట్టేదీ ఈ చర్య వల్లే. చివరికి మిగిలే తునక మాలన్‌డైఆల్డిహైడ్. రక్తనమూనాలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే అది గులాబీ రంగులోకి మారుతుంది; రంగు ఎంత చిక్కనైతే నష్టం అంత ఎక్కువని లెక్క. రంగుతో రక్తాన్ని చదివే ఈ విద్యలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకు పెద్ద పీట ఉంది. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష ప్రపంచమంతా ప్రయోగశాలల్లోకి వెళ్లింది.

సీఓపీడీ రోగుల్లో, ముఖ్యంగా ఆయాసం ముదిరినప్పుడు, ఈ గులాబీ చిక్కబడుతుందని అనేక అధ్యయనాలు చూపాయి. ఊపిరితిత్తుల్లో రేగిన చిచ్చు ఒళ్లంతా పాకుతుందనడానికి ఇది గట్టి సాక్ష్యం. అయితే మధుమేహంలోనూ, గుండెజబ్బులోనూ, ఇంకా జబ్బు పడని పొగరాయుళ్లలోనూ ఇది పెరుగుతుంది. దోషి ఎవరో చెప్పలేని సాక్షి అన్నమాట. కూలి డబ్బుతో ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదు.

మందు సంగతీ అంతే. గ్లూటాథయోన్‌ను పెంచే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌ను యూరప్‌లో 523 మందిపై మూడేళ్లు పరీక్షించారు. ఊపిరితిత్తుల క్షీణత ఆగలేదని 2005లో తేలింది.

జబ్బును పట్టిచ్చేది స్పైరోమీటర్. గుండెనిండా గాలి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదాలి. నాళాలు తెరిచే మందు పీల్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో తొలి సెకనులో వచ్చింది 70 శాతానికి తగ్గితే నాళాలు మూసుకుపోతున్నట్టే. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్‌ను పాత 1948 ఫ్యాక్టరీల చట్టమే తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ సీజన్‌కు వచ్చి పోయే కూలీని ఊదించకుండా ఆ జబ్బు ఎవరి లెక్కలోకి ఎక్కుతుంది? మిల్లు గేటు దగ్గర, యార్డులో, బ్యారన్ల ఊళ్లలో పనికాలం మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి ఈ పరీక్ష జరపాలి. ఖర్చు కూలీది కాకూడదు.