సభలో నిగ్గు తేలాల్సిన ఆర్థికశాస్త్రం

1931 ఆరంభంలో ఫ్రెడరిక్ హాయెక్ అనే యువ ఆర్థికవేత్త వియన్నా నుంచి ఇంగ్లండ్ వచ్చారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యులుగా ఉన్న లయొనెల్ రాబిన్స్ ఆయన్ను నాలుగు ఉపన్యాసాలకు ఆహ్వానించారు. అప్పటికి మహామాంద్యం మొదలై ఏడాది దాటింది. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, పని పోయినవాళ్లు పెరిగిపోతున్నారు. ప్రభుత్వం ఖర్చు పెంచి జనానికి పని కల్పించాలా, జోక్యం మాని మార్కెట్‌ను దానంతట అది కుదుటపడనివ్వాలా అన్నదే అప్పటి ప్రశ్న. లండన్ ఉపన్యాసాలకు ముందు హాయెక్ కేంబ్రిడ్జిలో మాట్లాడుతూ నల్లబల్ల మీద త్రిభుజాలు గీసి తన సిద్ధాంతం వివరించారు. ప్రభుత్వ ఖర్చు పెంచాలని వాదించిన ఆర్థికవేత్త కీన్స్ శిష్యుడైన రిచర్డ్ కాన్ లేచి, రేపు నేను ఒక కొత్త ఓవర్‌కోటు కొంటే నిరుద్యోగం పెరుగుతుందా అని అడిగారు. పెరుగుతుందనే హాయెక్ జవాబిచ్చారు. ఎందుకో వివరించాలంటే చాలా గణితం కావాలన్నారు. ఆ సభ సంగతి జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త దశాబ్దాల తర్వాత గుర్తుచేసుకున్నారు.

లండన్ ఉపన్యాసాలకు మంచి పేరు వచ్చింది. అదే ఏడాది అవి పుస్తకమయ్యాయి, హాయెక్‌కు అక్కడే ఆచార్య పదవీ దక్కింది. అయినా కేంబ్రిడ్జిలో లేచిన ప్రశ్న ఆయన్ను వదల్లేదు. మాంద్యంలో చేతులు ముడుచుకు కూర్చోవాలన్న వాదన ఆ ప్రశ్న ముందు నిలవలేకపోయింది. ఆనాడు ప్రభుత్వ వ్యయాన్ని వ్యతిరేకించడం పొరపాటేనని రాబిన్స్ తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. కానీ హాయెక్ ఆలోచనలో మరో భాగం కాలపరీక్షకు నిలిచింది. సమాజంలో ఎవరికేం కావాలో, ఎక్కడ ఏది కొరతగా ఉందో ఏ ఒక్క కార్యాలయానికీ పూర్తిగా తెలియదనీ, లక్షలాది మంది దగ్గర చెదిరి ఉన్న ఆ సమాచారాన్ని ధరలే చేరవేస్తాయనీ ఆయన 1945లో రాశారు. ఈ మాటను ఆయన్ను వ్యతిరేకించేవారూ తేలిగ్గా తోసిపుచ్చలేరు. ఒకే మనిషి వాదనలో ఏది గట్టిది, ఏది బోలుది అన్నది బహిరంగ చర్చలోనే తేలింది. స్వేచ్ఛా మార్కెట్ ఆర్థికశాస్త్రాన్ని మన విశ్వవిద్యాలయాలు ఒక సాయంత్రం జనం ముందు పెట్టాలని, ప్రశ్నలకు నిలబెట్టాలని నేను అనడానికి కారణం ఇదే.

ముందు ఆ వాదనలోని గట్టి భాగాన్ని చూద్దాం. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తగ్గితే హైదరాబాద్ రైతుబజారులో ధర పెరుగుతుంది. వాన పడి పంట పోయిందా, తెగులు సోకిందా అన్నది కొనేవారికి తెలియనక్కర్లేదు. రెండు కిలోలు కొనేచోట అరకిలోతో సరిపెట్టుకుంటారు. అదే ధర విని వేరే జిల్లా వ్యాపారి లారీ పంపుతాడు, మరో రైతు వచ్చే కారుకు టమాటా నాటాలా అని ఆలోచిస్తాడు. ఎవరూ ఎవరికీ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇప్పుడు ధర ఇంతకు మించరాదని ఒక అధికారి కాగితం మీద రాసి సంతకం పెట్టారనుకోండి. కొరత పోదు, కొరత కబురు మాత్రం ఆగిపోతుంది. సరుకు ముందుగా వచ్చినవారికో, పలుకుబడి ఉన్నవారికో, దొంగచాటుగా ఎక్కువ ఇచ్చినవారికో దక్కుతుంది. ధర వెనక్కి తగ్గినచోట క్యూ, సిఫారసు, లంచం ముందుకొస్తాయి.

మన దేశంలో ఈ మాట చెప్పినవారు లేకపోలేదు. రెండో పంచవర్ష ప్రణాళికను పరిశీలించేందుకు ప్రభుత్వం నియమించిన ఆర్థికవేత్తల బృందంలో 1955లో ఒకే ఒక్కరు అసమ్మతి పత్రం ఇచ్చారు. ఆయన బి.ఆర్. షెనాయ్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి, తర్వాత అహ్మదాబాద్‌లోని గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. దేశంలో ప్రజలు నిజంగా పొదుపు చేసేదాన్ని మించి పెట్టుబడికి పరుగెత్తలేమని, ఆ తేడాను నోట్లు అచ్చువేసి పూడిస్తే ధరలు పెరిగి పేదవాడి జేబు ఖాళీ అవుతుందని ఆయన హెచ్చరించారు. ప్రణాళికలో అలా పూడ్చదలచిన లోటు 1,200 కోట్ల రూపాయలు. నియంత్రణలు సడలించాలని, జాతీయీకరణను విస్తరించవద్దని కూడా ఆయన రాశారు. ఆ ఏడాదే భారత్ వచ్చిన అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రభుత్వానికిచ్చిన పత్రంలోనూ నియంత్రణల మీద ఇలాంటి అభ్యంతరాలే ఉన్నాయి.

జరిగిందేమిటి? ప్రణాళిక మొదలైన ఏడాదిలోపే విదేశీ మారకద్రవ్య కొరత ముంచుకొచ్చింది. ప్రణాళికను కుదించి, ముఖ్యమైన ప్రాజెక్టులను మాత్రమే కాపాడుకోవలసి వచ్చింది. దిగుమతికో పర్మిటు, కొత్త యూనిట్‌కో లైసెన్సు, ఉన్న ఫ్యాక్టరీని పెంచుకోవడానికి మరో లైసెన్సు. స్కూటరుకు, టెలిఫోనుకు జనం ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని ఎదురుచూశారు. షెనాయ్ చెప్పినదంతా సరైనదేనని నేను అనను. ఉక్కు కర్మాగారాలు, ప్రాజెక్టులు, ఐఐటీలు ఆ కాలపు ప్రభుత్వ పెట్టుబడి ఫలాలే, వాటి విలువ తక్కువ కాదు. నా ఫిర్యాదు వేరు. ఆ ఒక్క అసమ్మతిని ఊరూరా కాలేజీ హాళ్లలో పెట్టి, అటూ ఇటూ మాట్లాడించి ఉంటే ఏ భాగం వినదగ్గదో అప్పుడే తేలేది. అలా జరగలేదు. అది నివేదికలో అనుబంధంగా మిగిలింది.

తెలుగునాట ఈ చర్చ కొంత నడిచింది, దానికి వేదిక మాత్రం రాజకీయం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివిన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా, 1959లో కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం సహకార వ్యవసాయానికి పిలుపునిచ్చినప్పుడు దాన్ని ఎదిరించి, రాజాజీ ప్రేరణతో పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. రైతు తన భూమి మీద తానే నిర్ణయం తీసుకోవాలన్న ఆయన వాదన పల్లె సభల్లో జనానికి అర్థమైంది. 1967 ఎన్నికల్లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. కానీ ఎన్నికల వేదిక మీద ప్రత్యర్థికి మైకు ఇవ్వరు, వక్తను ఆపి ప్రశ్న అడగనివ్వరు. అక్కడ వాదనకు చప్పట్లో ఓట్లో వస్తాయి, పరీక్ష జరగదు. పరీక్ష పెట్టగలిగే చోటు విశ్వవిద్యాలయం.

ఆ పరీక్ష జరగకపోవడంతో తర్వాత వచ్చిన మార్పులూ జనానికి అర్థం కాకుండానే వచ్చాయి. 1991లో విదేశీ మారకద్రవ్యం రెండు వారాల దిగుమతులకు మించి లేని స్థితిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. జులై 24న ప్రకటించిన కొత్త విధానంతో 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు అక్కర్లేకుండా చేసింది. ఆ నిర్ణయాల మేలు తర్వాతి తరం కళ్లారా చూసింది. అయినా, అప్పిచ్చినవాడి షరతుకు తలొగ్గారన్న భావన చాలామందిలో మిగిలిపోయింది. 2020లో మూడు వ్యవసాయ చట్టాలు ఆర్డినెన్సులుగా మొదలై, పార్లమెంటరీ కమిటీ పరిశీలన లేకుండా చట్టాలయ్యాయి. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ పొలిమేరల్లో బైఠాయించారు, చివరికి 2021లో అవి రద్దయ్యాయి. ఆ చట్టాల్లో మంచి ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఒప్పించకుండా తెచ్చిన సంస్కరణ నిలవదని మాత్రం రుజువైంది.

స్వేచ్ఛా మార్కెట్ వాదనను ఇలా సభకు తేవాలన్న ప్రతిపాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది, అన్నిటికన్నా బరువైనది పేదవాడి ప్రశ్న. మార్కెట్ అవసరాన్ని వినదు, డబ్బు పలికే అవసరాన్నే వింటుంది. 1943 బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. ధాన్యం 1941 కంటే తక్కువగా ఏమీ లేదని, కూలీల చేతిలో దాన్ని కొనే శక్తి పోవడమే కారణమని ఆర్థికవేత్త అమర్త్యసేన్ చూపించారు. ఈ విమర్శ నిజం. అయితే అది ధరల వ్యవస్థ అబద్ధమని చెప్పదు, కొనుగోలు శక్తి లేనివాడికి ఆ వ్యవస్థ చాలదని చెబుతుంది. ప్రతి మనిషికీ కనీస తిండి, బట్ట, నీడ ప్రభుత్వం చూడవచ్చని 1944లో హాయెక్ కూడా ఒప్పుకున్నారు. కాబట్టి నిజమైన చర్చ సాయం ఎలా చేయాలన్నది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ధరల జోలికి పోకుండా ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు నేరుగా ఇచ్చింది. కానీ పట్టా ఉన్నవారికే అందింది, కౌలు రైతు బయటే ఉండిపోయాడు. ఇలాంటి లెక్కలు నిదానంగా విప్పి చూపే సభలే మనకు కావాలి.

రెండో అభ్యంతరం మన అనుభవంలోనే ఉంది. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి పోటీపడి అప్పులిచ్చాయి, వారంవారం వసూళ్లకు గుమ్మం ముందు కూర్చున్నాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇష్టమైతే చాలు అన్న సూత్రం, గడపదాటి పోలేని ఆడమనిషి దగ్గర ఎంత డొల్లగా ఉంటుందో అప్పుడు చూశాం. ఆ అక్టోబరులో రాష్ట్రం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. దాంతో వసూళ్లు నిలిచాయి, వాటితోపాటు కొత్త అప్పులూ నిలిచాయి. చేబదులు అవసరమైన కుటుంబాలకు మళ్లీ వడ్డీ వ్యాపారి దిక్కయ్యాడు. మాలేగాం కమిటీ సూచనల మీద రిజర్వు బ్యాంకు తర్వాత నిబంధనలు పెట్టింది. కట్టుబాటు లేని మార్కెట్టూ, మార్కెట్‌ను మూసేసిన ఉత్తర్వూ రెండూ పేదవాణ్నే దెబ్బతీశాయి. స్వేచ్ఛా మార్కెట్ వక్త ఈ కథను దాటవేయకూడదు. దాటవేస్తే సభలో ఎవరో ఒకరు లేచి అడగాలి.

మూడో అభ్యంతరం విశ్వవిద్యాలయం గురించి. ఇలాంటి సభలు వ్యాపారవర్గాల ప్రచారానికి వేదికలవుతాయని కొందరి భయం. ఆ భయంలో అర్థముంది. ఉపన్యాసానికి డబ్బు ఎవరిచ్చారో దాచిపెడితే అది చదువు కాదు, ప్రకటన. కానీ దానికి విరుగుడు సభను ఆపేయడం కాదు. ఖర్చెవరిదో ముందే చెప్పాలి, ఎదుటి పక్షానికి అంతే సమయం ఇవ్వాలి, ప్రశ్నల వేళను కుదించకూడదు. ఇంకో సంగతి. ఆడమ్ స్మిత్ నుంచీ ఈ సంప్రదాయంలోని గొప్పవాళ్లు వ్యాపారుల కుమ్మక్కునే తప్పుపట్టారు. పోటీని కోరే సిద్ధాంతం గుత్తాధిపత్యానికి సమర్థన కాదు. ఈ తేడా జనానికి తెలిస్తే, మార్కెట్ పేరు చెప్పి అస్మదీయులకు గనులో భూములో కట్టబెట్టే ప్రభుత్వాన్ని నిలదీయడం తేలికవుతుంది.

అలాంటి సాయంత్రాన్ని ఉస్మానియాలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో తెలుగులోనే పెట్టవచ్చు. సిద్ధాంతం పేరుతో కాకుండా ఒక నిర్ణయంతో మొదలుపెట్టాలి. 2023 జులైలో కేంద్రం బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. నిషేధం వల్ల పట్టణంలో బియ్యం కొనేవారికి ఎంత ఊరట దొరికింది, వరి పండించిన రైతుకు రావాల్సిన ధరలో ఎంత కోత పడింది, మన బియ్యం మీద ఆధారపడ్డ ఆఫ్రికా దేశాలు ఏమయ్యాయి? ఒకరు మార్కెట్ పక్షాన మాట్లాడాలి. మరొకరు ఆహార భద్రత పక్షాన మాట్లాడాలి. హాల్లో విద్యార్థులతోపాటు రైతులు, మిల్లర్లు, రేషన్ డీలర్లు, ఇల్లు నడిపే గృహిణులు ఉండాలి. లెక్కలు నమ్మదగినవిగా ఉండాలి, మాట అందరికీ అర్థమవ్వాలి.

ధరల గురించి మన ఇళ్లలో రోజూ మాట్లాడుకుంటాం. ఉల్లి పెరిగితే ప్రభుత్వాన్ని తిడతాం, వడ్ల ధర పడిపోతే మళ్లీ ప్రభుత్వాన్నే తిడతాం. ఈ రెండు కోపాలూ న్యాయమైనవే. కానీ ఒకదాన్ని తీర్చే ఉత్తర్వు రెండోదాన్ని పెంచుతుందన్న సంగతిని ఏ పార్టీ సభలోనూ చెప్పరు, టీవీ చర్చల్లో చెప్పడానికి సమయం ఉండదు. చెప్పగలిగిన స్థోమత, చెప్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలకు ఉన్నాయి. అవి మన పన్నులతో నడుస్తున్నాయి. 1955లో ఒక్క గొంతు చెప్పినదాన్ని వినడానికి 36 ఏళ్లు పట్టింది. ఈసారి అంత కాలం ఆగకుండా, ఏ గొంతునైనా ముందు విని, తర్వాత అడగవలసినదంతా అడిగి, ఆ పైన నిర్ణయించుకుందాం.