శూన్యానికి తలుపులు

అమెరికాలోని లివింగ్‌స్టన్, హాన్‌ఫర్డ్‌లలో నాలుగేసి కిలోమీటర్ల ఉక్కు గొట్టాలు ‘ఎల్’ ఆకారంలో పరుచుకుని ఉన్నాయి. గురుత్వ తరంగాలను పట్టుకునే లైగో వేధశాలలు ఇవే. ఒక్కో వేధశాలలో గొట్టాల లోపలి జాగా దాదాపు 10,000 ఘనపు మీటర్లు. అందులోని గాలిని తోడెయ్యడానికి 40 రోజులు పట్టింది. అయినా గోడలకు పట్టిన తేమ వదలదు. దాన్ని వదిలించడానికి గొట్టాలను 150-170 డిగ్రీల వేడిలో నెల రోజులు ఉంచారు. ఇదంతా 1990ల చివరి మాట. ఆ తర్వాత ఆ పొడవాటి గొట్టాల్లో మళ్ళీ గాలి నింపలేదు.

గొట్టాల కొసల్లో అద్దాలు వేలాడే గదుల సంగతి వేరు. వాటిని ఎన్నోసార్లు తెరిచారు. 2015లో తొలి తరంగం దొరకడానికి ముందు, పాత పరికరాలను తీసేసి కొత్త తరం పరికరాలు అమర్చింది ఆ గదుల్లోనే. మనిషి లోపలికి వెళ్ళి పనిచేయాలంటే గదిలో గాలి నింపక తప్పదు. ఆ గాలి గొట్టంలోకి పోకుండా ఆపింది గదికీ గొట్టానికీ మధ్యనున్న గేట్ వాల్వు. దాని వెడల్పు మీటరు పైనే. ఒక పక్క గాలి, మరో పక్క శూన్యం ఉన్నప్పుడు దాని తలుపు మీద పడే బరువు దాదాపు 10 టన్నులు.

శూన్యం గురించి రాసేటప్పుడు పేరంతా పంపుకే వస్తుంది. నా లెక్కలో ఆ ఘనతలో సగం వాల్వుకు చెందాలి. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి చెందిన ఆటో ఫాన్ గెరికె 1650లలో రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడి, రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించాడు. గుర్రాలు ఓడిపోయిన ఆ బొమ్మను బడి పుస్తకాల్లో చూసే ఉంటారు. ఆ అర్ధగోళాలకు ఒక కుళాయి కూడా ఉంది. గాలి తోడాక దాన్ని మూసి పంపును విడదీశారు కాబట్టే గోళాన్ని మైదానంలోకి తీసుకెళ్ళగలిగారు. కుళాయి కారి ఉంటే గుర్రాలే గెలిచేవి.

వాల్వు ఎందుకు కష్టమో తెలియాలంటే, గాలి పలచబడినకొద్దీ దాని నడవడి ఎలా మారుతుందో చూడాలి. మనం పీల్చే గాలిలో ఒక అణువు మరో అణువును ఢీకొనకుండా వెళ్ళగలిగే దూరం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. అందుకే గాలి నీటిలా ఒక ప్రవాహంగా కదులుతుంది. లైగో గొట్టాల్లో పీడనం బయటి వాతావరణ పీడనంలో సుమారు లక్ష కోట్లో వంతు. అక్కడ కూడా ఒక్కో ఘన సెంటీమీటరులో కోట్ల అణువులు మిగిలే ఉంటాయి. కానీ రెండు అణువులు ఎదురుపడాలంటే పదుల కిలోమీటర్లు ప్రయాణించాలి. ఈలోగా అవి గోడలకు పదుల వేలసార్లు తగులుతాయి. అంటే అక్కడ ‘ప్రవాహం’ అనేదే లేదు. పంపు ఏ అణువునూ తన వైపు లాక్కోలేదు. గోడ నుంచి గోడకు తిరుగుతున్న అణువు పొరపాటున పంపు నోట్లోకి వచ్చి పడితే, దాన్ని తిరిగి బయటికి రానివ్వకుండా చూడటమే పంపు చేయగలిగిన పని.

గేట్ వాల్వు రూపం ఇందులోంచే వచ్చింది. నీటి పైపులకు వాడే కొన్ని వాల్వుల్లో దారి లోపల వంకర తిరుగుతుంది. నీటికి అది పెద్ద ఇబ్బంది కాదు. అత్యల్ప పీడనంలో మాత్రం ప్రతి వంపూ అణువును వచ్చిన దారినే వెనక్కి పంపే అవకాశం. ఎంత ఖరీదైన పంపు పెట్టినా, ముందు ఇరుకు వాల్వు ఉంటే దాని బలంలో చాలా భాగం వృథా. కాబట్టి తెరిచినప్పుడు అడ్డమే ఉండకూడదు. తలుపు మొత్తం పక్కకు జరిగి, పంపు నోరంత వెడల్పున దారి తిన్నగా కనిపించాలి. చెరువు తూముకు తలుపు దించినట్టే ఇక్కడా పలకను అడ్డంగా దించుతారు. తూము తలుపు పక్కల నుంచి నాలుగు చుక్కలు కారినా నష్టం లేదు, ఇక్కడ అది కుదరదు.

పలక జారుతూ వచ్చి మూసుకుంటే, దాని అంచునున్న రబ్బరు రింగు ప్రతిసారీ లోహానికి రాసుకుంటుంది. కొన్నాళ్ళకు గీతలు పడతాయి, గీత వెంబడి గాలి దూరుతుంది. అందుకే మూయడాన్ని రెండు అంచెలుగా విడదీశారు. మొదట పలక దేనికీ తగలకుండా నోటి ఎదురుగా వచ్చి ఆగుతుంది. తర్వాత దాని వెనకనున్న ఉక్కు గోళీలో, చిన్న మీటలో పలకను తిన్నగా ముందుకు నెట్టి రింగును నోటి అంచుకు అదుముతాయి. తెరిచేటప్పుడు ముందు వెనక్కి తగ్గి, ఆ తర్వాతే పక్కకు జరుగుతుంది. పైనుంచి చూస్తే ఒక చక్రం తిప్పడమో, ఒక బటన్ నొక్కడమో మాత్రమే కనిపిస్తుంది. ఈ అమరికను విప్పి చూసిన ఎవరికైనా దాన్ని ఊహించిన మెకానిక్కుల మీద గౌరవం కలగక మానదు.

మరి బయటి నుంచి తిప్పే కడ్డీ లోపలికి వెళ్ళే చోటి మాటేమిటి? కదిలే కడ్డీ చుట్టూ రబ్బరు బిగిస్తే కదిలినప్పుడల్లా కొంచెం గాలి లోపలికి పోతుంది. దానికి విరుగుడు బెల్లోస్, అంటే హార్మోనియం తిత్తిలా మడతలు పడ్డ పలచని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. ఒక కొసను కడ్డీకి, మరో కొసను వాల్వు ఒంటికి వెల్డింగ్ చేస్తారు. కడ్డీ కదిలినప్పుడు మడతలు సాగి ముడుచుకుంటాయి గానీ ఎక్కడా సందు పడదు.

రబ్బరుకు ఇంకో బలహీనత ఉంది. వైటాన్ లాంటి మేలురకం రబ్బరులోంచి కూడా వాయువులు కొద్దికొద్దిగా ఇంకి లోపలికి వస్తాయి. 200 డిగ్రీలు దాటిన వేడికి అది పాడవుతుంది. అతిశూన్యం కావాలంటే వేడి చేయక తప్పదు. 1950 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ పరిశోధనశాలలో డేనియల్ ఆల్పర్ట్ బృందానికి ఎదురైన చిక్కు ఇదే. రాబర్ట్ బేయర్డ్‌తో కలిసి ఆల్పర్ట్ తయారుచేసిన అల్పపీడన గేజి అందరికీ గుర్తుంది. కాల్చినా పాడుకాని, పూర్తిగా లోహంతో చేసిన వాల్వును ఆ బృందమే రూపొందించిందన్నది అంతగా గుర్తు లేదు. మెత్తని రాగిలోకి గట్టి లోహపు ముక్కును దిగేలా అదిమితే రెంటి మధ్యా గాలి దూరే సందు ఉండదు. కాకపోతే రాగి కొంత నలుగుతుంది, మళ్ళీ మూసేటప్పుడు ఇంకాస్త బలం కావాలి. అందుకే చాలా ల్యాబుల్లో టార్క్ రెంచితో కొలిచి, ఏసారి ఎంత బలంతో బిగించారో రాసిపెట్టుకుంటారు.

ఇంత తంటా ఎందుకంటే, శుభ్రం చేసిన లోహపు ఉపరితలం శుభ్రంగా ఉండేది కొద్దిసేపే. టార్ అనే పీడన ప్రమాణంలో పది లక్షలో వంతు దగ్గర, తగిలిన అణువు తగిలినట్టే అంటుకుంటే, దాదాపు ఒక్క సెకనులో ఉపరితలమంతా ఒక పొర కప్పేస్తుంది. ఇంకో పదివేల రెట్లు తగ్గిస్తే సుమారు మూడు గంటల సమయం దొరుకుతుంది. పరమాణువులను లెక్కపెట్టి చూసే ప్రయోగాలన్నీ ఆ మూడు గంటల్లో చేసుకోవాల్సిందే.

మన కాలేజీల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ పలచని లోహపు పూతలు వేసే కోటింగ్ యూనిట్లు ఉంటాయి. పాతవాటిలో ఒక రోటరీ పంపు, ఒక డిఫ్యూజన్ పంపు, మూడు ముఖ్యమైన వాల్వులు కనిపిస్తాయి. ముందు రోటరీ పంపు గదిలోని గాలిని చాలావరకు తోడుతుంది. ఆ దారి మూసి, డిఫ్యూజన్ పంపు వెనకనున్న దారి తెరవాలి. చిట్టచివర పెద్ద వాల్వు. ఈ వరుస తప్పి, గదిలో మామూలు గాలి ఉండగానే పెద్ద వాల్వు తెరిస్తే, కింద డిఫ్యూజన్ పంపులో మరుగుతున్న నూనె గాలి తగిలి చెడుతుంది, నూనె ఆవిరి పైకొచ్చి గదంతా పట్టేస్తుంది. దాన్ని కడిగి మళ్ళీ పనిలోకి తేవడానికి రోజులు పడుతుంది. కరెంటు పోయినప్పుడు ఇంకో ప్రమాదం. ఆగిపోయిన రోటరీ పంపులోని నూనెను శూన్యం వెనక్కి లాగేసుకుంటుంది. అందుకే కరెంటు పోగానే దానంతటదే పనిచేసే చిన్న వాల్వు ఒకటి పెడతారు. అది శూన్యం వైపు దారి మూసి, పంపులోకి గాలి వదులుతుంది. కరెంటు కోతలు ఎరిగిన చోట ఈ వాల్వు లేకుండా పంపు కొనడం నా ఉద్దేశంలో తెలివైన పని కాదు.

పెద్ద యంత్రాల్లో వేగం కూడా కావాలి. ఇండోర్‌లోని ఇండస్-2 లాంటి సింక్రోట్రాన్ వలయం నుంచి ఎన్నో కాంతి గొట్టాలు ప్రయోగ స్థలాలకు వెళతాయి. ఒక గొట్టం చివర కిటికీ పగిలిందంటే గాలి ధ్వని కంటే వేగంగా వలయం వైపు దూసుకుపోతుంది. సెన్సర్ పసిగట్టిన వెంటనే ఓ పదో పదిహేనో మిల్లీసెకన్లలో ఫాస్ట్ వాల్వు మూసుకుంటుంది. ఆ హడావుడిలో కాస్త కారినా ఫర్వాలేదు, వెనకే మామూలు గేట్ వాల్వు నెమ్మదిగా వచ్చి గట్టిగా మూస్తుంది.

గాలిని రానివ్వకుండా ఆపడమే కాదు, అవసరమైనప్పుడు వాయువును బయటికి వదిలేయడం కూడా వాల్వు పనే. 2008 సెప్టెంబరు 19న జెనీవా దగ్గర సెర్న్‌లోని 27 కిలోమీటర్ల లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో రెండు అయస్కాంతాల మధ్య కరెంటు అతుకు ఒకటి విఫలమైంది. అక్కడ లేచిన విద్యుత్ మంట అయస్కాంతాలను చల్లబరిచే హీలియం గొట్టానికి తూట్లు పొడిచింది. అయస్కాంతాలను చల్లగా ఉంచేందుకు చుట్టూ ఉన్న శూన్యంలోకి హీలియం ఎగదన్నింది. పీడనం పెరిగితే వదిలేయడానికి రిలీఫ్ వాల్వులు ఉన్నాయి, అవి తెరుచుకున్నాయి కూడా. కానీ వాటిని సెకనుకు 2 కిలోల హీలియం అనుకుని లెక్కగట్టారు. వచ్చింది సుమారు 20 కిలోలు. లోపల చిక్కుకున్న హీలియం, శూన్యాన్ని భాగాలుగా విడదీసే అడ్డుగోడలను తోసేసింది. టన్నుల బరువున్న అయస్కాంతాలు పునాదుల మీద నుంచి జరిగిపోయాయి. దాదాపు 6 టన్నుల హీలియం పోయింది. ప్రోటాన్లు తిరిగే గొట్టంలోకి మసి చేరింది. మరమ్మతుకో, మార్పుకో 53 అయస్కాంతాలను పైకి తేవలసి వచ్చింది.

సెర్న్ ఇంజనీర్లు తమ అంచనా ఎక్కడ తప్పిందో ఆ లెక్కలతో సహా ప్రచురించారు. అలా బయటపెట్టడం వల్లే మిగతా ప్రయోగశాలలు తమ హీలియం వ్యవస్థలను తిరిగి లెక్క వేసుకోగలిగాయని నేను నమ్ముతాను. ఆ తర్వాత అయస్కాంతాల మీద 20 సెంటీమీటర్ల వెడల్పు రిలీఫ్ వాల్వులు అమర్చారు. వలయంలో మామూలు వేడికి తెచ్చిన భాగాల్లో, అంటే సెక్టార్లలో, ఆ పని వెంటనే జరిగింది. 2009 నవంబరు 20న ప్రోటాన్లు మళ్ళీ తిరగడం మొదలైంది, తక్కువ శక్తితో. చల్లగానే ఉంచేసిన సెక్టార్లలో వాల్వుల పని 2013లో మొదలైన దీర్ఘ విరామంలో పూర్తిచేశారు. అతుకులను బలపరిచి, ఆ వాల్వులన్నీ బిగించాకే 2015లో కొలైడర్‌ను 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తీసుకెళ్ళారు.