పేరు రాసుకున్నందుకు ఏటా డబ్బెందుకు?

పాడేరు కొండల్లో పండే కాఫీనో, మిరియాలనో, పసుపునో సొంత పేరుతో అమ్ముకోవాలని ఒక సంఘం అనుకుంటుంది. వెబ్‌సైట్ పెట్టాలంటే ముందు డొమైన్ పేరు కొనమంటారు. కొన్నాక, ఏడాది తిరిగేసరికి మళ్లీ కట్టమంటారు. వస్తువేమీ చేతికి రాలేదే, పేరు ఒక్కటి రాసుకున్నందుకు ఏటా డబ్బెందుకు? అది ఎవరికి పోతుంది? పేర్లు రాయడమే పనిగా పెట్టుకున్న కంపెనీలు ఎలా బతుకుతాయి, ఎలా పెరుగుతాయి? జర్మనీలో ఒక చిన్న ఊళ్లో పుట్టిన కీ-సిస్టమ్స్ అనే కంపెనీ ఎదిగిన తీరు చూస్తే వీటన్నిటికీ జవాబు దొరుకుతుంది.

ముందు, అసలు పేరు ఎందుకన్నది చూద్దాం. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు. అందుకని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పేర్లను అంకెలకు జతచేసే పద్ధతిని రూపొందించాడు. అందులో పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు మన జిల్లానే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. దాని వెబ్‌సైట్ పేరు చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. ‘ఇన్’ అంటే భారతదేశం, దాని కింద ‘గవ్’ ప్రభుత్వం, దాని కింద ‘ఏపీ’ మన రాష్ట్రం, అన్నిటికంటే ఎడమన జిల్లా. చుక్కకు కుడివైపు ఉన్నవాళ్లు అనుమతిస్తేనే ఎడమవైపు పేరు పుడుతుంది. ప్రభుత్వ పేర్లు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ద్వారా వస్తాయి, అక్కడ బజారు లేదు. కాఫీ అమ్ముకునే సంఘం మాత్రం బజారుకే వెళ్లాలి.

ఆ బజారులో ఇద్దరుంటారు. ఒకరు రిజిస్ట్రీ, ఇంకొకరు రిజిస్ట్రార్. ఒకే పేరు ఇద్దరికి పోకుండా అసలు పుస్తకం రాసేది రిజిస్ట్రీ. డాట్ ఇన్‌కు నిక్సీ, డాట్ కామ్‌కు వెరిసైన్, జర్మనీ వారి డాట్ డీఈకి డెనిక్. మన దరఖాస్తు తీసుకుని, డబ్బు కట్టించుకుని, ఆ పుస్తకంలో మన పేరు ఎక్కించేది రిజిస్ట్రార్. ఈ పనిని రెండుగా ఎందుకు చీల్చారు? 1999 దాకా డాట్ కామ్‌లో రెండు పనులూ నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒక్క అమెరికన్ కంపెనీయే చేసేది. 1995 నుంచి ఒక్కో పేరుకు ఏడాదికి 50 డాలర్ల చొప్పున, రెండేళ్ల సొమ్ము ముందే తీసుకునేది. పేర్ల వ్యవస్థను చూసుకోవడానికి 1998లో ఏర్పడిన ఇకాన్ అనే సంస్థ ఆ మరుసటి ఏడాది అమ్మకంలోకి పోటీని తెచ్చింది. ధరలు దిగాయి. కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి.

కీ-సిస్టమ్స్ సరిగ్గా ఆ కాలంలోనే, 1998లో, జర్మనీ నైరుతి మూలన ఉన్న జ్వైబ్రూకెన్ అనే ఊళ్లో మొదలైంది. తర్వాత పక్కనే ఉన్న జార్లాండ్ రాష్ట్రంలోని సాంక్ట్ ఇంగ్బెర్ట్‌కు మారింది. రెండూ పెద్ద నగరాలు కావు. ఈ వ్యాపారానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, రేవు అక్కర్లేదు. నమ్మదగిన కంప్యూటర్ వ్యవస్థ, నియమాలు తెలిసిన మనుషులు ఉంటే చాలు.

అయితే జర్మనీలోనే ఇలాంటి కంపెనీలు అంతగా ఎందుకు పెరిగాయి? నా ఉద్దేశంలో ముఖ్య కారణం డెనిక్. డాట్ డీఈ 1986 నవంబరులో పుట్టింది. మొదట డోర్ట్‌మండ్, ఆపై కార్ల్స్‌రూ విశ్వవిద్యాలయాలు దాన్ని చూసుకున్నాయి. 1996 డిసెంబరులో ఇంటర్నెట్ కంపెనీలు కలిసి డెనిక్‌ను సహకార సంఘంగా ఏర్పాటు చేసుకున్నాయి. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ డిపోలను చూస్తున్న మన్యం ప్రజలకు సహకారం కొత్త మాట కాదు. డెనిక్ సభ్యులు ఆ పేర్లు అమ్మే కంపెనీలే. అది లాభం కోసం కాకుండా ఖర్చుకు సరిపడా రుసుముతో నడుస్తుంది. పేరు కావాలన్నవారు కంపెనీ అయి ఉండాలని గానీ, ట్రేడ్‌మార్కు చూపించాలని గానీ షరతు పెట్టలేదు. 1999 నాటికి 10 లక్షల పేర్లయ్యాయి, 2006కు కోటి. ఇప్పుడు 1.7 కోట్లు దాటాయి.

మన దగ్గర ఏం జరిగింది? డాట్ ఇన్ 1989 నుంచి ఉంది. కానీ 1992 నుంచి 2004 దాకా నమోదైన పేర్లు సుమారు 7,000. నిబంధనలు అంత బిగుతుగా ఉండేవి. 2005లో వాటిని సడలించి నిక్సీ చేతికి ఇచ్చాక, 2011 కల్లా 10 లక్షలు దాటాయి. ఇంజనీర్లకు కొదవలేని దేశం పదేళ్లకు పైగా వెనకబడింది చాలావరకు నిబంధనల వల్ల. ఆ పదేళ్లలోనే జర్మన్ కంపెనీలు వేళ్లూనుకున్నాయి.

ఇక డబ్బు లెక్క. 2024 సెప్టెంబరు నుంచి ఒక డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెరిసైన్‌కు పోయేది 10.26 డాలర్లు. ఇకాన్‌కు పోయేది 20 సెంట్లకు మించదు. పోటీ బజారులో వీటిమీద రిజిస్ట్రార్ వేసుకోగలిగేది స్వల్పం. కాబట్టి వేలల్లో అమ్మితే సరిపోదు, లక్షల్లో అమ్మాలి. అన్ని లక్షల మంది దగ్గరికి తానే వెళ్లలేదు. అందుకే కీ-సిస్టమ్స్ చిల్లర అమ్మకానికి డొమైన్ డిస్కౌంట్ 24 అనే దుకాణం పెట్టినా, అసలు బలం ఆర్ఆర్‌పీ ప్రాక్సీ అనే టోకు వ్యవస్థ మీద పెట్టింది. వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న కంపెనీలు తమ కంప్యూటర్‌ను దానికి కలుపుకొని సొంత పేరుతో అమ్ముకుంటాయి. వీరిని రీసెల్లర్లు అంటారు. విశాఖలో మీకు సైట్ చేసి ఇచ్చే కుర్రాడి వెనక కూడా ఇలాంటి ఏదో ఒక టోకు కంపెనీ ఉంటుంది.

డాట్ ఇన్, డాట్ డీఈ లాంటి పేరు చివరి భాగాన్ని చుక్క అందాం. ఒక్కో దేశం చుక్కకు ఒక్కో నియమం, ఒక్కో రుసుము, ఒక్కో పత్రం. అన్నీ ఒక్కచోట దొరికితే చిన్న కంపెనీలు అక్కడికే వస్తాయి. 2012లో ఇకాన్ కొత్త చుక్కలకు దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి, 1,200కు పైగా వాడుకలోకి వచ్చాయి. అందులో డాట్ జార్లాండ్ ఒకటి. ఆ రాష్ట్ర జనాభా సుమారు 10 లక్షలు. మన జిల్లా ఏర్పడినప్పుడు 2011 లెక్కల ప్రకారం జనాభా తొమ్మిదిన్నర లక్షలు. 2012లో దరఖాస్తుకే 1,85,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది గనక మన్యానికి సొంత చుక్క కోరడం ఇప్పట్లో పని కాదు. అమ్మేవారికి మాత్రం ప్రతి కొత్త చుక్కా ఒక కొత్త సరుకే.

పేర్లు అమ్మే కంపెనీలు నిలబడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం రెన్యువల్. డొమైన్ పేరు పట్టా భూమి కాదు, కౌలు భూమి. ఏటా కౌలు కట్టినంతకాలమే మనది. పేరు మీద వ్యాపారం నిలబడ్డాక ఎవరూ దాన్ని వదులుకోరు. అంటే ఒకసారి వచ్చిన ఖాతాదారు ఏళ్ల తరబడి డబ్బు కడుతూనే ఉంటాడు. ఇంత నికరమైన రాబడి ఉన్న కంపెనీని పెద్ద కంపెనీలు కొనాలని చూస్తాయి. కీ-సిస్టమ్స్ 2011లో కీడ్రైవ్ అనే సంస్థలో భాగమైంది. 2018లో లండన్‌కు చెందిన సెంట్రల్‌నిక్ ఆ కీడ్రైవ్‌ను కొన్నది. 2023లో సెంట్రల్‌నిక్ తన పేరునే టీమ్ ఇంటర్నెట్ అని మార్చుకుంది. యజమానులు మారినా ఖాతాదారుల పేర్లు చెక్కుచెదరలేదు. అసలు పుస్తకం రిజిస్ట్రీ దగ్గర ఉంటుంది కాబట్టి.

ఎప్పుడూ ఇంత సాఫీగా జరగదు. మన దేశంలోనే నెట్ 4 ఇండియా అనే రిజిస్ట్రార్ దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. పేర్లు రెన్యువల్ కాక, వేరేచోటికి మార్చుకోలేక వేలమంది నలిగిపోయారు. 2021లో ఇకాన్ దాని గుర్తింపు రద్దుచేసి, పేర్లను వేరే రిజిస్ట్రార్‌కు అప్పగించాల్సి వచ్చింది.

మన పేరు ఇంకొకరు ముందే రాసుకుంటే? డొమైన్ ముందు వచ్చినవారిదే. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానితోపాటు వెబ్‌సైట్ పేరేదీ రాలేదు. కానీ న్యాయం పూర్తిగా మూసుకుపోలేదు. హైదరాబాద్ సత్యం సంస్థల కుటుంబంలో పుట్టిన సత్యం ఇన్ఫోవే, ‘సిఫీ’ని పోలిన పేర్లతో డొమైన్లు నడిపిన కంపెనీ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకు ఉండే రక్షణ ఉందని 2004లో కోర్టు తేల్చింది. అయితే అది డబ్బు, ఓపిక ఉన్నవారి దారి. ముందే రాసుకోవడం ఎంతో చవక.

కాబట్టి సైట్ చేసిచ్చేవారికి డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: పేరు ఎవరి మీద రాస్తున్నారు? రిజిస్ట్రెంట్ అన్నచోట సంఘం పేరు, సంఘం ఈ-మెయిల్, సంఘం ఫోన్ ఉండాలి. గడువు తేదీ మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. డాట్ కామ్ పేరు గడువు దాటి రద్దయ్యాక ఇంకో 30 రోజుల పాటు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆపైన 5 రోజులకు అది ఎవరైనా కొనుక్కోగల పేరు అవుతుంది.