గోలీసోడా మొదలు ఎరువుల కర్మాగారము వఱకు

వేసవి మధ్యాహ్నమున గోలీసోడా రుచి యెఱుగని తెలుగువారు అరుదు. సీసా మూతికి అడ్డముగా నిలిచిన గోలీని అంగడివాడు లోనికి నొక్కగానే కీచుమని చప్పుడగును. అంతవఱకు నిశ్చలముగా నున్న నీటినుండి వేలకొలది బుడగలు పైకెగయును. ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువు. గోలీ నొక్కకముందు అవి ఎందుకు రాలేదు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో, నేడు లోకమునకు అన్నము పెట్టుచున్న ఒక మహాపరిశ్రమ కీలకముకూడ తెలిసినట్లే.

మూసియున్న సీసాలో ఏమియు జరుగుచున్నట్లు కనబడదు. నిజమునకు అచట క్షణమైనను విశ్రాంతి లేదు. నీటిలో కరగియున్న వాయువునుండి కొన్ని అణువులు పైనున్న ఖాళీలోనికి పోవుచుండును. పైనుండి అన్ని అణువులే మరల నీటిలోనికి చేరుచుండును. పోవునవియు వచ్చునవియు సమానము గనుక మొత్తములో మార్పు కానరాదు. తిరునాళ్ళ దినమున గుడి మండపమును తలచుకొనుడు. ఎందఱు లోనికి వచ్చుచున్నారో అందఱే వెలుపలికి పోవుచున్నచో లోపలి జనసంఖ్య మారదు. కాని కదలక నిలిచినవారు ఒక్కరును ఉండరు. రసాయన శాస్త్రమున సమతాస్థితి యనగా ఇట్టిదే. ఎదురెదురుగా నడచు రెండు పనులు ఒకే వేగముతో సాగుటయే సమతాస్థితి.

గోలీ నొక్కగానే పైనున్న వాయువు తప్పించుకొనిపోయి పీడనము తగ్గును. నీటిని విడుచు అణువులు ఎప్పటివలెనే విడుచుచుండును. తిరిగివచ్చునవి మాత్రము తగ్గిపోవును. కావున నీరు తనలోని వాయువును వదలుచు, తగ్గిన పీడనమును కొంతవఱకైన పూరింప జూచును. మఱియొక సంగతి. చల్లని సోడాకంటె ఎండలో నుంచిన సోడా ఎక్కువగా పొంగును. ఈ వాయువు నీటిలో కరగునపుడు కొంత వేడి పుట్టును. మనమే బయటినుండి వేడి నిచ్చినచో, ఆ వేడిని పీల్చుకొను దిశకు, అనగా వాయువు నీటిని విడుచు దిశకు, సమతాస్థితి మొగ్గును.

ఇట్టి అనుభవముల నన్నిటిని హెన్రీ లె షాట్లియే అను ఫ్రెంచి రసాయనవేత్త 1884లో ఒక్క సూత్రమున ఇమిడ్చి, 1888లో దానినే సులభముగా తిరిగి చెప్పెను. సమతాస్థితిలో నున్న పదార్థములపై పీడనమునుగాని, ఉష్ణోగ్రతనుగాని, వాని పాళ్ళనుగాని మార్చినచో, ఆ మార్పు ప్రభావమును కొంత తగ్గించు దిశకు అవి జరుగును. ‘కొంత’ అను మాటను గమనింపవలెను. మార్పు పూర్తిగా రద్దు కాదు. పాతదానికిని కొత్తదానికిని నడుమ ఒక రాజీ కుదురును.

ఇక ఎరువు సంగతి. మన చుట్టునున్న గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. పైరులకు నత్రజని లేక పెరుగుదల లేదు. ఐనను గాలిలోని నత్రజనిని వరిగాని గోధుమగాని నేరుగా తీసికొనజాలవు. 1898లో సర్ విలియం క్రూక్స్ బ్రిస్టల్ నగరమున బ్రిటిష్ అసోసియేషన్ సభలో ప్రసంగించుచు, చిలీ దేశపు నత్రజని లవణములను నమ్ముకొని లోకము చిరకాలము బ్రతుకజాలదనియు, గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చు ఉపాయమును రసాయనజ్ఞులే కనిపెట్టవలెననియు హెచ్చరించెను.

ఉపాయము చెప్పుటకు సులభమే. నత్రజని ఒక పాలు, ఉదజని మూడు పాళ్ళు కలిసి రెండు పాళ్ళ అమోనియా యగును. నాలుగు పాళ్ళ వాయువు రెండు పాళ్ళకు తగ్గును, వేడి పుట్టును. అయితే ఈ చర్య ఇరువైపుల నడచునది. పుట్టిన అమోనియా మరల విడిపోవుచునే యుండును. అమోనియా ఎక్కువగా నిలువవలెనన్న ఏమి చేయవలెను? పై సూత్రమును బట్టి పాఠకులే చెప్పగలరు. పీడనము పెంచవలెను, తక్కువ చోటు పట్టు దిశకు చర్య జరుగును. ఉష్ణోగ్రత తగ్గింపవలెను, వేడిని పుట్టించు దిశకు చర్య జరుగును.

ఇచటనే చిక్కు వచ్చినది. నత్రజని అణువులోని రెండు పరమాణువులు ఒకదానినొకటి మిక్కిలి గట్టిగా పట్టుకొనియుండును. చల్లగా నుంచినచో సంవత్సరములు గడచినను అవి విడివడవు. వేడిచేసినచో చర్య వేగముగా సాగును, కాని ఫలము సన్నగిల్లును. సాధారణ వాయుపీడనమునకు 200 రెట్ల పీడనమున, సమతాస్థితిలో అమోనియా 300 డిగ్రీల సెంటిగ్రేడువద్ద నూటికి సుమారు 63 పాళ్ళు. 400 డిగ్రీలవద్ద 36. 500 డిగ్రీలవద్ద 18. 600 డిగ్రీలవద్ద 8 మాత్రమే. లె షాట్లియే సూత్రము పోవలసిన దిక్కును చూపును. ఎంతకాలమునకు చేరుదుమో చెప్పదు.

ఆ సూత్రకర్తయే 1901లో అధిక పీడనమున అమోనియా చేయుటకు పూనుకొనెను. పరికరములో గాలి కలిసియుండుటచే అది భయంకరముగా ప్రేలినది. సహాయకునకు ప్రాణాపాయము తృటిలో తప్పినది. ఆయన ఆ ప్రయత్నమును విడిచిపెట్టెను. చేతికందిన విజయమును జారవిడిచితినని తరువాత ఎంతయో నొచ్చుకొనెను.

1909లో జర్మనీలోని కార్ల్‌స్రూహె నగరమున ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియము అను అరుదైన లోహమును ఉత్ప్రేరకముగా నుంచి, అమోనియా చుక్కచుక్కగా రాలుటను చూపెను. ఉత్ప్రేరకము సమతాస్థితిని ఏ మాత్రము జరుపదు. అచటికి త్వరగా చేర్చును, అంతే. కార్ల్ బాష్ దానిని పరిశ్రమగా మార్చెను. ఆయన తోడివాడైన ఆల్విన్ మిట్టాష్ వేలకొలది ప్రయోగములు చేయించి, ఆస్మియమునకు బదులు చౌకయైన ఇనుమునే తగిన పదార్థములతో కలిపి పనికి తెచ్చెను. 1913లో ఓప్పావువద్ద కర్మాగారము నడువసాగెను.

ఆ పద్ధతి ప్రకృతితో చేసికొన్న బేరము. పీడనము మిక్కిలి ఎక్కువ. ఉష్ణోగ్రత మాత్రము నడిమిది, 400 మొదలు 500 డిగ్రీల వఱకు. ఒక్కసారి పోయినపుడు వాయువులలో కొద్ది భాగమే అమోనియా యగును. దానిని చల్లార్చి ద్రవముగా తీసివేసి, మిగిలిన వాయువులను మరల పంపుదురు. ఫలమును ఎప్పటికప్పుడు తీసివేయుటచే, పోయినదానిని పూరించుటకు చర్య ముందునకే సాగుచుండును. ఇదియు పై సూత్రమే.

1914లో యుద్ధము వచ్చినపుడు జర్మనీకి చిలీ లవణములు అందలేదు. ఎరువునకై పుట్టిన అమోనియాయే నత్రికామ్లముగా మారి ప్రేలుడు పదార్థములకు ఆధారమైనది. నేడు లోకములోని జనులలో ఇంచుమించు సగముమంది ఆహారము ఈ పద్ధతివలన వచ్చిన నత్రజనిపై ఆధారపడియున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. 2021నుండి రామగుండమున సహజవాయువుతో యూరియా చేయుచున్న కర్మాగారములోను మొదటి మెట్టు ఈ అమోనియాయే.

ఈసారి గోలీ లోనికి పోయి బుడగలు పొంగినపుడు, త్రాగుటకు ముందు ఒక్క నిమిషము చూడుడు. అచట పోయిన పీడనమును పూరించుటకు నీరు పడుచున్న తొందరయే, తగిన పరికరములనడుమ, చేనికి ఎరువై వచ్చుచున్నది.